వీరత్వం కొండ మీద, భయం గన్ దగ్గర: ఒక కార్గిల్ కథ ఎడిటింగ్ కేస్ స్టడీ

ఈ కేసులో రచయిత సైన్యంలో ఆర్టిలరీలో, అంటే ఫిరంగి దళంలో, పనిచేసి హవల్దార్‌గా రిటైరయ్యారు. 1999లో కార్గిల్ యుద్ధం జరిగినప్పుడు ద్రాస్ సెక్టార్‌లో బోఫోర్స్ గన్ మీద ఉన్నారు. కథలు రాయడం మాత్రం రిటైర్మెంట్ తర్వాతే మొదలైంది. నేను కథలు ఎడిట్ చేస్తాను. అచ్చుకు వెళ్ళే ముందు రాతప్రతి పట్టుకుని రచయితతో కూర్చోవడం నా పని. ఆయన ఒప్పుకున్నాకే ఇది రాస్తున్నాను. పేరు, రెజిమెంట్, కథ శీర్షిక బయటపెట్టొద్దన్నారు.

మొదటి ప్రతిలో కథ ఇది. ఒక ఇన్‌ఫెంట్రీ (కాల్బలం) జవాను చీకట్లో శిఖరం ఎక్కుతాడు. జేబులో భార్య ఫొటో ఉంటుంది. తూటాలు తగులుతున్నా పరిగెత్తి శత్రువు బంకర్‌లో గ్రెనేడ్ వేస్తాడు, జెండా పాతి ప్రాణం వదులుతాడు. నడుమ ఒక పేజీ నిండా శవాలు, తెగిన కాళ్ళు, నెత్తురు. చివర్లో పతకం ప్రకటన, దాని కింద ఆర్టిలరీ వాళ్ళ నినాదం 'సర్వత్ర ఇజ్జత్-ఓ-ఇక్బాల్'.

ఆ నెత్తుటి పేజీ ఎందుకు పెట్టారని అడిగాను. "వీరత్వమే రాస్తే యుద్ధాన్ని పొగిడినట్టుంటుంది కదా మేడమ్, అందుకని ఘోరం కూడా సమానంగా పెట్టాను" అన్నారు.

యుద్ధం మీద నాకు వచ్చే కథల్లో ఎక్కువ ఈ 'సమానం' దగ్గరే చెడిపోతాయి. ఒక పేజీ పరాక్రమం, ఒక పేజీ రక్తం. రాసినవాళ్ళకి న్యాయం చేశామన్న తృప్తి మిగులుతుంది, చదివేవాడికి మాత్రం ఏదీ అంటదు. గ్రెనేడ్ వేసిన క్షణంలో ఒళ్ళు పులకరించమంటారు, పక్క పేరాలో అదే గ్రెనేడ్ చేసిన పనికి కడుపులో తిప్పాలంటారు. ఆ రెండూ ఒక్క మనిషిలోంచే, ఒక్క చూపులోంచే రావాలంటారు. నవలైతే సర్దుకోవడానికి చోటుంటుంది. కథలో ఉండదు.

మన అలంకారికులకు ఈ చిక్కు ఎప్పుడో తెలుసు. తొమ్మిదో శతాబ్దపు ఆనందవర్ధనుడు 'ధ్వన్యాలోకం' మూడో ఉద్ద్యోతంలో (అధ్యాయంలో) విరోధ రసాల సంగతి మాట్లాడతాడు. వీరం, భయానకం ఒకే ఆశ్రయంలో ఉంటే ఒకదాన్నొకటి చంపుకుంటాయి, ఆశ్రయం మారిస్తే విరోధం పోతుందని ఆయన లెక్క. ఆశ్రయమంటే ఆ భావం కలిగిన మనిషి. ఉత్సాహం నాయకుడిలో ఉంచు, భయం ప్రతినాయకుడిలో ఉంచు అన్నాడు. ఎడిటింగ్ టేబుల్ మీద దీన్ని నేను ఇంకో రకంగా వాడతాను. వీరం ఎంత, భయం ఎంత అని అడగను, ఎవరిది వీరం, ఎవరిది భయం అని అడుగుతాను. భయం శత్రువుదే కానక్కర్లేదు. మనవైపే ఇంకో మనిషిది కావచ్చు.

ఈ రాతప్రతిలో ఆ రెండో మనిషి లేడు. ఇంకో లోపం మరీ మొదటి పేజీలోనే ఉంది. పదహారు వేల అడుగుల ఎత్తులో, వీపు మీద బరువుతో, నిలువు కొండ మీద హీరో పరిగెత్తుతున్నాడు.

"అక్కడ నిజంగా పరిగెత్తగలరా?"

"ఎక్కడ మేడమ్, నాలుగడుగులు వేస్తే ఊపిరి అందదు. పాకుతూ, ఆగుతూ పోవాలి."

"మరి ఈయన్ని ఎందుకు పరిగెత్తించారు?"

కాసేపు నవ్వారు. "సినిమాల్లో అంతే కదా."

యుద్ధంలో ఉండి వచ్చిన మనిషి కూడా రాయడానికి కూర్చునేసరికి సినిమానే రాస్తున్నాడు. ఇది ఈయన ఒక్కరి సంగతి కాదు. తాను చూసినది చిన్నదనీ, కథకు పనికొచ్చేది వేరొకరి దగ్గర ఉందనీ సైన్యంలో పనిచేసినవాళ్ళు చాలామంది అనుకుంటారు. గన్ దగ్గర ఉన్నవాడు శిఖరం ఎక్కినవాడి కథ రాస్తాడు.

చూడనిది రాయకూడదని నేను అనను. అమెరికన్ రచయిత స్టీఫెన్ క్రేన్ 1871లో పుట్టాడు, అమెరికా అంతర్యుద్ధం 1865లోనే ముగిసింది. అయినా ఆ యుద్ధం మీద ఆయన 1895లో రాసిన 'ఎ మిస్టరీ ఆఫ్ హీరోయిజం' కథ నా వర్క్‌షాప్‌లో అందరితో చదివిస్తాను. ఫ్రెడ్ కాలిన్స్ అనే సైనికుడు దాహమేసి, తోటివాళ్ళు రెచ్చగొట్టడం వల్ల, ఫిరంగి గుళ్ళు పడుతున్న మైదానం దాటి బావికి వెళ్తాడు. వీరుడంటే తనలాంటివాడు కాదే అని దారిలో అనుకుంటాడు. తిరిగొచ్చేటప్పుడు చనిపోతున్న ఒక ఆఫీసర్ నీళ్ళడిగితే మొదట ఆగడు, తర్వాత వెనక్కొచ్చి తాగించబోతాడు, చేతులు వణికి నీళ్ళు ఆ ముఖం మీద ఒలుకుతాయి. చివరికి బకెట్ తెచ్చి ఇస్తే ఇద్దరు కుర్ర లెఫ్టినెంట్లు సరదాగా తోసుకుంటారు. బకెట్ కింద పడుతుంది, ఖాళీగా. ఆ సాహసం దండగా, గొప్పా అన్నది క్రేన్ చెప్పడు. సాహసం నిజం, నీళ్ళు లేకపోవడమూ నిజం. మా రచయితతో ఇది చదివించినప్పుడు ఆయన పట్టుకున్నది వేరే: "ఆఫీసర్ దగ్గర మొదట ఆగకుండా పోయాడు చూశారా, అది కరెక్టు మేడమ్. అలాగే చేస్తారు."

ఆ మాటతో నేను రాతప్రతి మళ్ళీ మొదట్నించీ చదివాను, ఆయన 'అలాగే చేస్తారు' అనగల వాక్యం ఆయన కథలో ఎక్కడుందా అని. ఒకటి దొరికింది. దాడి మధ్యలో, ఇన్‌ఫెంట్రీకి ఆర్టిలరీ సాయం చేసిందని చెప్పే పేరాలో, అటూ ఇటూ ఏమీ లేకుండా ఉంది: "మధ్యలో ఓపీ నుంచి వచ్చే గొంతు మారింది." తర్వాతి వాక్యంలో మళ్ళీ హీరో పరుగు.

ఇదేంటని అడిగితే అరగంట చెప్పారు. ఆ అరగంటలోనే కథ ఉంది.

గన్ మీద ఉన్నవాళ్ళకి టార్గెట్ కనపడదు. కార్గిల్‌లో బోఫోర్స్‌ని ఎదురుగా కనపడే బంకర్ల మీద నేరుగా కూడా పేల్చారు కానీ, ఈయన గన్ ఉన్న చోటి నుంచి కొండ అడ్డం. ఇన్‌ఫెంట్రీ కంపెనీతో పాటు ఒక ఆర్టిలరీ ఆఫీసర్, ఆయన రేడియో ఆపరేటర్ పైకి వెళ్తారు. వాడుకలో దాన్నే ఓపీ (అబ్జర్వేషన్ పోస్ట్) అంటారు. షెల్ ఎక్కడ పడిందో చూసి, ఎంత ముందుకు, ఎంత వెనక్కి, ఎంత పక్కకి అని రేడియోలో దిద్దుతుంటారు. అది కమాండ్ పోస్ట్‌కి చేరుతుంది. అక్కడ లెక్క కడతారు. ఎత్తులో గాలి పలచన, షెల్ మైదానంలో కంటే దూరం పోతుంది, ఆ సవరణలన్నీ వేసుకోవాలి. చివరికి గన్ దగ్గరికి వచ్చేది అంకెలే. ఇంత బేరింగ్ (దిశ), ఇంత ఎలివేషన్ (గొట్టం ఎత్తే కోణం), ఇన్ని రౌండ్లు. ఒక్కో షెల్ నలభై కిలోలకు పైన.

అంటే యుద్ధమంతా ఈ మనిషికి అంకెలుగా వచ్చింది. "ఎలివేషన్ కొంచెం కొంచెం మారుతుంటే మనవాళ్ళు పైకి పోతున్నారని మేమే అనుకునేవాళ్ళం. చాలాసేపు మారకపోతే ఎక్కడో ఇరుక్కుపోయారని." ఒకసారి మాత్రం ఉన్నట్టుండి 'స్టాప్' వచ్చింది. ఎందుకో చెప్పలేదు. మనవాళ్ళు అంత దగ్గరికి వెళ్ళిపోయారా, లేక మన షెల్లే వాళ్ళ మీద పడిందా? ఎవరూ పైకి అనలేదు. గన్ నంబర్ వన్, అంటే డిటాచ్‌మెంట్ కమాండర్, ఉత్తినే షెల్స్ లెక్కపెట్టడం మొదలుపెట్టాడట. కాసేపటికి కమాండ్ పోస్ట్ నుంచి ఒక కుర్రాడు వచ్చి చెప్పిన మాట: గొంతు మారింది. ఆఫీసర్‌కి తగిలింది, ఆపరేటర్ చెబుతున్నాడు. మళ్ళీ అంకెలు వచ్చాయి. ఈసారి టార్గెట్ శిఖరం వెనక వాలు.

వీరత్వం అక్కడుంది. కొండ మీద, ఆఫీసర్ పక్కన పడిపోయాక మైక్ అందుకుని గొంతు వణక్కుండా దిద్దుబాట్లు చెప్పిన ఒక ఆపరేటర్‌ది. అతన్ని ఈ కథ చెప్పేవాడు చూడలేదు, అతని గొంతు కూడా వినలేదు, గొంతు మారిందన్న వార్త మాత్రం విన్నాడు. భయం కింద ఉంది, తాను పంపిన షెల్ ఎవరి మీద పడిందో తెలియని మనిషిది. ఆనందవర్ధనుడు అడిగిన రెండు ఆశ్రయాలు ఇవే.

ఇది ఒప్పించడం అంత తేలిక కాలేదు. ఆయన అభ్యంతరం న్యాయమైనదే: ఇన్‌ఫెంట్రీ వాళ్ళు ప్రాణాలిస్తే కింద గన్ దగ్గర కూర్చున్న నేను హీరోనవుతానా? ఆ యుద్ధంలో అధికారిక లెక్క ప్రకారం 527 మంది భారత సైనికులు చనిపోయారు. అంతకుముందు యుద్ధాల్లో చాలావరకు యుద్ధరంగం దగ్గరే అంత్యక్రియలు జరిగేవి. కార్గిల్‌లో మృతదేహాలు పేటికల్లో సొంత ఊళ్ళకు వెళ్ళాయి, దేశమంతా టీవీలో చూసింది. ఆ జ్ఞాపకం బరువు ఆయన మీద ఉంది. కింద ఉన్నవాడు హీరో కాడు, అతను సాక్షి, పైగా సగం తెలిసిన సాక్షి అని నేను చెప్పాను. చంద్రధర్ శర్మ గులేరీ 'ఉస్నే కహా థా' గుర్తుచేశాను. 1915లో 'సరస్వతి' పత్రికలో వచ్చిన హిందీ కథ. మొదటి ప్రపంచ యుద్ధంలో జమాదార్ లహనాసింగ్ తన గాయం దాచిపెట్టి, సుబేదార్‌నీ అతని కొడుకు బోధానీ బండి ఎక్కించి పంపి, చనిపోతాడు. చిన్నప్పుడు అమృత్‌సర్ బజార్లో చూసిన అమ్మాయికి, ఇప్పుడు సుబేదార్ భార్యకి, ఇచ్చిన మాట కోసం. కథ చివర పత్రికల్లో వచ్చిన మృతుల జాబితాలో ఒక ముక్క: గాయాలతో చనిపోయాడు, ఫలానా రైఫిల్స్, జమాదార్ లహనాసింగ్. ప్రభుత్వానికి తెలిసింది అంతే, పాఠకుడికి అంతా తెలుసు. మీ మొదటి ప్రతిలో పతకం ప్రకటన కూడా ప్రభుత్వం మాటే, కానీ దానికంటే ఎక్కువ తెలిసే అవకాశం పాఠకుడికి మీరు ఇవ్వలేదు అన్నాను. ఆ పోలిక ఆయనకు నచ్చింది. ప్రకటన తీసేశారు, నినాదం కూడా.

నినాదం పోయినందుకు కాస్త నొచ్చుకున్నారు, అది వేరే సంగతి. ఆర్టిలరీ రెజిమెంట్లకు వేరే పతాకం ఉండదు, గన్‌లనే పతాకంగా చూస్తారు. ఆ సంగతి మాత్రం కథలో ఉండాలన్నారు. గన్ తుడిచే చోట ఒక చిన్న వాక్యంగా ఉంచాం, బాగుంది.

తర్వాత నెత్తుటి పేజీ. మొత్తం కొట్టేశాను. కింద ఉన్నవాడు శవాలు చూడలేదు, చూడనివి అన్ని వివరాలతో చెబితే గొంతే అబద్ధమైపోతుంది. మరి ఘోరం దేనిలో చూపించాలి? తిక్కన స్త్రీపర్వంలో కురుక్షేత్రం నిండా శవాలే. వ్యాసుడిచ్చిన దివ్యదృష్టితో గాంధారి వాటిని చూస్తూ పోతుంది. అన్ని శవాల మధ్య పాఠకుణ్ణి నిలబెట్టేది భూరిశ్రవుడి చెయ్యి. సాత్యకితో పోరులో ఉండగా పక్కనుంచి అర్జునుడు నరికిన చెయ్యి. భార్య దాన్ని ఒడిలో పెట్టుకుని, బతికున్నప్పుడు తనను లాలించిన చెయ్యి ఇదేనని ఏడుస్తుంది. నెత్తురు ఎంత పారిందన్నది అక్కడ ముఖ్యం కాదు. అది ఎవరి చెయ్యో, ఏం చేసిన చెయ్యో ఆవిడకు తెలుసు. మన భాషలో ఇంత ఉండగా కొత్త రచయితలు ఘోరమంటే పేగులే అనుకోవడం నాకు ఎప్పటికీ అర్థం కాదు.

ఈ కథలో అలాంటి వివరం రచయిత ఒంటి మీదే ఉంది. ఎదురుగా కూర్చుంటే తల కొంచెం పక్కకి తిప్పి వింటారు. ఎడమ చెవి సరిగా వినపడదు, గన్ పక్కన నిలబడి నిలబడి. దీన్నెందుకు రాయలేదని అడిగితే, "అది గాయం కాదు కదా మేడమ్" అన్నారు. ఆ మాట యథాతథంగా కథలోకి వెళ్ళింది, కథకుడి నోట, చాలా ఏళ్ళ తర్వాత ఎవరో అడిగినప్పుడు. పైగా అది ఆ రాత్రికి కూడా పనికొచ్చింది. చెవులు హోరెత్తుతున్న మనిషికి 'స్టాప్' అన్న మాట వినపడదు, నంబర్ వన్ చెయ్యి పైకెత్తడం కనపడుతుంది. కథలో అతి పెద్ద భయం శబ్దం లేకుండా వచ్చింది. అమెరికన్ రచయిత ఆంబ్రోస్ బియర్స్ 'చికమాగా' కథలో చెవిటి మూగ పిల్లవాణ్ణి యుద్ధరంగంలోకి పంపి ఇలాంటిదే చేశాడు. పాకుతూ వచ్చే క్షతగాత్రులతో వాడు ఆడుకుంటాడు. బియర్స్ 1863లో, అంతర్యుద్ధంలోని ఆ చికమాగా పోరులో స్వయంగా ఉన్నవాడు, కావాలంటే ఫిరంగుల మోతంతా రాయగలడు. ఆ మోత వినపడని మనిషిని ఎంచుకున్నాడు.

అంకెల దగ్గర కొంత కుస్తీ పడ్డాం. ఆయన మొదట బేరింగులూ ఎలివేషన్లూ ఉన్నవన్నీ రాసేశారు, కమాండ్ పోస్ట్ రికార్డులాగా. పాఠకుడికి అవి తెలియక్కర్లేదు, మారుతున్నాయా ఆగాయా అన్నదే తెలియాలి. కథలో మూడు చోట్ల మాత్రం అంకె ఉంచి మిగతా చోట్ల 'కొంచెం పైకి', 'అదే' అని పెట్టాం. 'అదే' వరుసగా వచ్చే పేరా నాకు కథ మొత్తంలో ఇష్టమైనది. కొండ మీద ఎవరో కదలలేక ఇరుక్కుపోయారు. కింద ఉన్నవాళ్ళు అదే చోటికి షెల్ మీద షెల్ పంపుతున్నారు. వాక్యాలు కూడా కదలవు.

నేపథ్యం రెండు వాక్యాల్లో సరిపెట్టాం. తోలోలింగ్ మీద ఉన్నవాడికి శ్రీనగర్-లేహ్ రోడ్డు కనపడుతుంది, కాబట్టి ఆ రోడ్డు మీద పోయే ప్రతి లారీ వాడి దయ. ఆ శిఖరం 1999 జూన్ 13న మన చేతికొచ్చింది, టైగర్ హిల్ జులై 4న. కథలో మాత్రం ఏ శిఖరం పేరూ చెప్పలేదు. పేరు చెబితే పాఠకుడు ఫలితం ముందే గుర్తుచేసుకుంటాడు, 'స్టాప్' దగ్గర టెన్షన్ పోతుంది.

అసలు వాదన కేకల దగ్గర వచ్చింది. తెల్లవారాక శిఖరం దక్కిందని కబురొస్తే బ్యాటరీ అంతా, అంటే గన్‌ల దళమంతా, కేకలు వేసిందని ఆయన రాశారు. కౌగిలింతలు, జైకారాలు. దాన్ని తగ్గించమంటానని ఎదురుచూశారు. యుద్ధ కథ అనగానే అందులో ఉత్సాహం కనపడితే ప్రచారం అని పక్కన పెట్టే సంపాదకులు ఉన్నారు, ఉత్సాహం తప్ప మరేదీ ఉండకూడదనేవాళ్ళూ ఉన్నారు. నేను ఆ కేకలు ఉంచాను. రాత్రంతా తమ షెల్ తమవాళ్ళ మీద పడిందేమో అని బిగుసుకుపోయిన మనుషులు, పడలేదని తెలిసి కేక వేస్తే అది నిజమైన ఆనందం, తెల్లవారి వచ్చిన గెలుపు కూడా నిజమే. దాన్ని సిగ్గుపడుతూ రాస్తే మొదటి ప్రతిలోని సినిమా కంటే పెద్ద అబద్ధం అవుతుంది. ఒక్కటే మార్పు చెప్పాను. కేకలు వేస్తున్నప్పుడు ఆ ఆఫీసర్ సంగతి ఏమైందో వాళ్ళకి ఇంకా తెలియదు, ఆ తెలియకపోవడం పాఠకుడికి గుర్తుండాలి. అందుకని కమాండ్ పోస్ట్ కుర్రాడు మాత్రం కేకల్లో కలవకుండా హెడ్‌సెట్ పెట్టుకునే ఉంటాడు. వ్యాఖ్య ఏమీ లేదు.

ఉర్దూ రచయిత మంటో కథ 'టిత్వాల్ కుక్క' ఇక్కడ సాయపడింది. కశ్మీర్‌లో రెండు సైన్యాల మధ్య తిరిగే కుక్కని అటూ ఇటూ కాల్చి కాల్చి చంపేస్తారు. ఒకవైపు సుబేదార్ పాపం అమరుడైంది అంటాడు, రెండోవైపు జమాదార్ కుక్క చావు చచ్చింది అంటాడు. ఒక్క శవానికి రెండు మాటలు. ఎవరి మాట సరైనదో మంటో చెప్పలేదు, ఇద్దరినీ మాట్లాడనిచ్చి ఊరుకున్నాడు. మా కథలో కేకలు ఒక మాట, హెడ్‌సెట్ తీయకపోవడం రెండో మాట.

కథ ఒక పత్రిక నుంచి తిరిగొచ్చింది. యుద్ధ కథలో యుద్ధం లేదని కారణం రాశారు. రెండో పత్రిక వేసుకుంది. స్పందనల్లో రచయితను కదిలించింది ఒకప్పటి ఇన్‌ఫెంట్రీ జవాను ఫోన్. పైన ఉన్న తమకి కింద గన్‌లు ఎందుకు ఆగాయో తెలిసేది కాదని, ఆగిన ప్రతిసారీ మందుగుండు అయిపోయిందనుకుని తిట్టుకునేవాళ్ళమని చెప్పాడట. దీంతో రెండో కథ మొదలుపెట్టారు, ఈసారి అదే రాత్రి కొండ మీద నుంచి. ఈ కథలో ఎవరూ పరిగెత్తరని ముందే హామీ ఇచ్చారు.

ఒక్క విషయంలో మా ఇద్దరికీ ఇప్పటికీ కుదరలేదు. కేకల పేరా చివర ఆయన "ఆ రోజు మేం గెలిచాం" అని రాశారు. కేకలున్నాక ఆ వాక్యం అక్కర్లేదని నా వాదన. "గెలిచిన మాట నిజమే కదా, చెబితే తప్పేంటి?" అని ఆయన వాదన. పత్రికలో ఆ వాక్యంతోనే వచ్చింది. సంపుటిలో కూడా ఉంచుతానంటున్నారు. ప్రూఫులు వచ్చినప్పుడు మళ్ళీ అడుగుతాను.